రోగి కంటే ముందు దోమ

పొద్దు గూకిన కాసేపటికి పశువుల కొట్టంలో దోమలు రేగుతాయి. వాటిని పట్టేవాళ్లకు పని మొదలయ్యేదీ ఆ వేళకే. ఒక చేతిలో టార్చిలైటు, రెండో చేతిలో జానెడు గాజుగొట్టం. గొట్టానికి వెనక రబ్బరు ట్యూబు, రెండింటికీ నడుమ సన్నటి వలగుడ్డ. గేదె డొక్క మీదో, మట్టిగోడ మీదో, చూరులోంచి వేలాడే గడ్డిపరక మీదో వాలిన దోమ పక్కకు గొట్టం మూతి తీసుకెళ్లి, ట్యూబును నోట పెట్టుకుని ఒక్క గుక్క గాలి పీలిస్తే దోమ గొట్టంలోకి వచ్చేస్తుంది. వలగుడ్డ అడ్డుండబట్టి నోట్లోకి రాదు. కొన్ని చేరగానే వాటిని గుడ్డ తొడిగిన పంజరంలోకి ఊదేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక మనిషి గంటలో ఎన్ని దోమలు పట్టాడన్నది పుస్తకంలో రాసుకుంటారు. వైరస్‌లను వెతికే శాస్త్రం ఎంత ముందుకు పోయినా, దాని తొలి అంకె పుట్టేది ఇలాంటి చోటే.

మదురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రమూ, హైదరాబాదులోని రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలూ కలిసి 2000 తర్వాతి సంవత్సరాల్లో కర్నూలు జిల్లా పల్లెల్లో చేసిన పని ఇదే. వాళ్లు వెతికింది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కోసం. మనం మెదడువాపు అని పిలుచుకునే జబ్బుల్లో రాయలసీమను బాగా భయపెట్టింది అది. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో పిల్లలను పొట్టన పెట్టుకున్నదీ అదే. పిల్లవాడికి జ్వరం వస్తుంది, తల పగిలిపోతోందని ఏడుస్తాడు, తర్వాత ఫిట్స్, ఆపైన స్పృహ పోవడం. జబ్బు ముదిరినవాళ్లలో నూటికి 30 మంది దాకా చనిపోతారు. బతికి బయటపడ్డ పిల్లల్లోనూ చాలామందికి మాట, నడక, చదువు పూర్వంలా ఉండవు. దీనికి మందు లేదు. టీకా ఉంది. కానీ టీకా పనిచేసేది జబ్బు రాకముందే. కాబట్టి ఇక్కడ అసలు ప్రశ్న ఎప్పుడు తెలుస్తుందన్నదే.

వైరస్ నడిచే దారిని ఒకసారి చూస్తే ఆ ప్రశ్న బరువు అర్థమవుతుంది. నీళ్లు నిలిచిన వరిమడిలో క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అనే దోమ గుడ్లు పెడుతుంది. ఆ మడిలోనే కొంగలు మేతకు దిగుతాయి. వైరస్‌కు సొంత ఇల్లు ఆ కొంగలూ నీటిపక్షులే. పక్షిని కుట్టిన దోమ పందిని కుడుతుంది. పంది ఒంట్లో వైరస్ కొద్దిరోజుల పాటు విపరీతంగా పెరుగుతుంది, చాలావరకు పందికి ఏమీ అయినట్టు కనిపించదు. ఏటా కొత్త పిల్లలు పుడతాయి కాబట్టి వైరస్‌ను ఎన్నడూ ఎరగని ఒళ్లు ఏటా సిద్ధంగా ఉంటుంది. ఆ పందిని వందల దోమలు కుడతాయి. 1950ల్లో జపాన్‌లో అమెరికా సైనిక పరిశోధకులు షెరర్, బ్యూషర్ బృందం కొంగల గూళ్ల దగ్గరా పందుల దొడ్ల దగ్గరా ఏళ్ల తరబడి పనిచేసి ఈ గొలుసును తేల్చారు. గొలుసులో మనిషి లేడు. మన రక్తంలో ఈ వైరస్ దోమకు అంటేటంతగా పెరగదు. దారి తప్పిన దోమ కుడితే మనకు వస్తుంది, మనతోనే ఆగిపోతుంది.

ఇప్పుడు రోజులు లెక్కపెడదాం. వైరస్ ఉన్న రక్తం తాగిన దోమ ఆ పూటే ప్రమాదకరం కాదు. వైరస్ దాని పొట్ట గోడ దాటి, ఒళ్లంతా తిరిగి, లాలాజల గ్రంథులకు చేరాలి. వాతావరణపు వేడిని బట్టి అందుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలాంటి దోమ పిల్లవాణ్ని కుట్టాక జబ్బు బయటపడటానికి మరో 5 నుంచి 15 రోజులు. పైగా వైరస్ సోకినవాళ్లలో తీవ్రమైన జబ్బు వచ్చేది దాదాపు 250 మందిలో ఒకరికే. అంటే ఒక పిల్లవాడు ఫిట్స్‌తో జిల్లా ఆసుపత్రికి చేరేసరికి వైరస్ ఆ చుట్టుపక్కల దోమల్లో, పందుల్లో ఎన్నో వారాలుగా తిరుగుతున్నట్టే. ఆసుపత్రి రిజిస్టరు చూసి మేలుకునే వ్యవస్థ ఎంత చురుకైనదైనా ఆలస్యంగానే మేలుకుంటుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. మిగతాదంతా ఆ ఆలస్యాన్ని తగ్గించడానికి మనుషులు పడిన, పడుతున్న పాట్ల గురించి.

మొదటి కష్టం అరుదుదనం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. దోమల దగ్గర ఆ సూత్రం చెల్లదు. వైరస్ జోరుగా తిరిగే రోజుల్లో కూడా వెయ్యి దోమల్లో ఏ కొన్నో మాత్రమే దాన్ని మోస్తుంటాయి. వంద దోమలు పరీక్షించి ఏమీ లేదంటే ఆ మాటకు విలువ లేదు. వేలల్లో పట్టాలి. వేల దోమల్ని ఒక్కొక్కటిగా పరీక్షించడం కుదరదు కాబట్టి ఒకే చోట, ఒకే వారం దొరికిన ఒకే జాతి ఆడదోమల్ని 50 చొప్పున ఒక గొట్టంలో వేసి నూరి, ఆ రసాన్ని పరీక్షిస్తారు. ఈ 50 దోమల కట్టను పూల్ అంటారు. 40 పూళ్లు, అంటే 2,000 దోమల్ని పరీక్షిస్తే రెండు పూళ్లలో వైరస్ కనబడిందనుకుందాం. ఒక్కో పూల్‌లో కనీసం ఒక దోమకైనా వైరస్ ఉండితీరాలి. కాబట్టి వెయ్యికి కనీసం ఒకటి. ఈ లెక్కను కనీస సంక్రమణ రేటు అంటారు. మామూలు కూడికలు, భాగహారాలే. కానీ ఈ అంకె వారం వారం పెరుగుతుందా తరుగుతుందా అన్నది ఏ ఆసుపత్రీ చెప్పలేని సంగతి చెబుతుంది.

నూరడానికి ముందు జాతులు వేరుచేయాలి. ఈ పని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అంతా దీనిమీదే నిలబడింది. దోమల్ని మత్తులోకి దించి, చల్లటి పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కదాన్నీ చూస్తారు. మీసాలు కుచ్చులా ఉంటే మగది, పక్కన పెట్టేయాలి, అది కుట్టదు. తొండం మధ్యలో తెల్లపట్టీ ఉండి ఒళ్లు ముదురు గోధుమరంగులో ఉంటే ట్రైటీనియోరింకస్ కావచ్చు. వీపు మీద ముందుభాగమంతా తెల్లటి పొలుసులతో మెరిస్తే క్యూలెక్స్ జెలిడస్. ఊరి మురుక్కాలువల్లో పుట్టి బోదకాలు మోసే క్వింక్విఫేసియేటస్‌కు ఆ గుర్తులు ఉండవు. పొలుసు రాలిపోయిన దోమను కూడా గుర్తుపట్టే కన్ను ఏళ్ల మీద వస్తుంది. కర్నూలు పల్లెల్లో ఈ జెలిడస్ కూడా పెద్ద సంఖ్యలో ఉందనీ, వైరస్‌ను మోస్తోందనీ తేలింది ఇలాంటి కళ్లవల్లే. జాతి తప్పు పడితే తర్వాతి పరీక్ష ఎంత ఖరీదైనదైనా తప్పు సమాధానమే ఇస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో కీటకాలను కంటితో గుర్తుపట్టే విద్య నేర్చుకునేవాళ్లు తగ్గిపోతున్నారు, ఖాళీ అయిన ఇన్‌సెక్ట్ కలెక్టర్ ఉద్యోగాల భర్తీని తొందర పనిగా ఎవరూ చూడరు. యంత్రాలు కొన్నంత తేలికగా మనం ఈ మనుషుల్ని తయారుచేసుకోవడం లేదు.

1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపులో కళ్లారా చూశాడు. వైరస్‌ను అలా చూడలేం. అందుకని పరోక్ష పద్ధతులు పుట్టాయి. చాలా కాలం దోమల రసాన్ని పసి ఎలుకల మెదడులోకి ఎక్కించి, అవి జబ్బుపడతాయేమో చూసేవారు. దక్షిణాదిలో మెదడువాపు దోమల మీద పనిచేసినవాళ్లు వాడిన ఒక పద్ధతి నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురంగా ఉంటుంది. టాక్సోరింకైటిస్ అని పెద్ద దోమ ఒకటుంది. దాని పిల్లపురుగులు ఇతర దోమల పిల్లల్ని తినేస్తాయి, పెద్దయ్యాక అది పూల తేనె తప్ప రక్తం ముట్టదు. పొరపాటున తప్పించుకున్నా ఎవరినీ కుట్టదు. అనుమానం ఉన్న పూల్ రసాన్ని సన్నటి సూదితో దీని ఒంట్లోకి ఎక్కించి, వారం పది రోజులు పెంచి, దాని తలను గాజుపలక మీద నలిపి, వైరస్‌ను పట్టి మెరిసే ప్రతిరక్షకాలతో చూస్తారు. వైరస్ ఉంటే పచ్చగా వెలుగుతుంది. ఎలుకల కంటే ఇది వైరస్‌ను బాగా పట్టుకుంటుంది. ఇప్పుడు ఆ చోటును చాలావరకు ఆర్‌టీ-పీసీఆర్ ఆక్రమించింది. కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు ప్రతి ఇంటికీ తెలుసు. గంటల్లో జవాబు వస్తుంది, అయితే దోమ చచ్చి ఎండలో పడి ఉంటే అందులోని వైరస్ ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. పల్లె కొట్టం నుంచి ప్రయోగశాల దాకా దోమ చల్లదనంలోనే ప్రయాణించాలి. డ్రై ఐస్ దొరకని చోట ఈ ఒక్క కారణంతోనే పని ఆగిపోతుంది.

దోమను ఎలా పట్టామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కొట్టంలో పడితే పశువుల్ని ఇష్టపడే దోమలు దొరుకుతాయి. డ్రై ఐస్ కట్టిన లైటు ట్రాప్ పెడితే అందులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడును ఊపిరి అనుకుని, రక్తం కోసం తిరుగుతున్న దోమలు వస్తాయి. వాటిలో నిన్న పుట్టి ఇంతవరకు ఎవరినీ కుట్టనివే ఎక్కువ, వాటిలో వైరస్ ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకని 1980ల్లో పాల్ రైటర్ అనే కీటక శాస్త్రవేత్త ఇంకో మార్గం ఎంచుకున్నాడు. గడ్డి నానబెట్టి కుళ్లబెట్టిన నీళ్లను ఒక టబ్బులో పోసి, పైన చిన్న ఫ్యాను బిగించాడు. ఆ వాసనకు గుడ్లు పెట్టడానికి వచ్చే దోమలు చిక్కుతాయి. గుడ్లు ఉన్నాయంటే అది ఇప్పటికే ఒకసారి రక్తం తాగిందని అర్థం. తక్కువ దోమలు, ఎక్కువ సమాచారం. పట్నపు క్యూలెక్స్ దోమల మీద అమెరికా నగరాలు ఇప్పటికీ దీన్నే నమ్ముకుంటున్నాయి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2010లో ఇంకా చక్కటి ఉపాయం ప్రకటించారు. దోమ చక్కెర తాగేటప్పుడూ లాలాజలం వదులుతుంది. అందుకని ప్రత్యేకమైన కాగితపు ముక్కకు తేనె పట్టించి ట్రాప్‌లో పెట్టారు. దోమ తాగిందో లేదో తెలియడానికి తేనెలో నీలిరంగు కలిపారు. వైరస్ ఉన్న దోమ ఆ కాగితం మీద ఉమ్ముతుంది. కాగితంలోని రసాయనాలు వైరస్‌ను చంపేస్తాయి, కానీ దాని ఆర్‌ఎన్‌ఏను చెడకుండా పట్టి ఉంచుతాయి. ఐసు అక్కర్లేదు, కాగితాన్ని కవర్లో పెట్టి పోస్టులో పంపవచ్చు. ఇందులో ఇంకో మేలుంది. పొట్టలో వైరస్ ఉన్న దోమ కాదు, లాలాజలంలోకి వచ్చిన దోమ మాత్రమే ఇక్కడ దొరుకుతుంది, అంటే నిజంగా కుట్టి అంటించగలిగినది. ఏ జాతి దోమ ఉమ్మిందో కాగితం చెప్పదు, అది లోటే. అయినా కరెంటూ ఐసూ లేని మారుమూలలకు ఇంతకంటే అనువైనది నాకు కనబడలేదు. మన్యం గూడేలను దృష్టిలో పెట్టుకుని మన ప్రయోగశాలలు దీన్ని గట్టిగా పరీక్షించాలని నా కోరిక.

దోమల్లో వెతికితే మనం వెతకనిది కూడా దొరుకుతుంది. 1947లో ఉగాండాలోని ఎంటెబ్బే దగ్గర జికా అనే అడవిలో పచ్చజ్వరం కోసం నిఘా పెట్టారు. చెట్ల మీద మంచెలు కట్టి, పంజరాల్లో రీసస్ కోతుల్ని ఉంచారు. ఏప్రిల్లో ఒక కోతికి జ్వరం వచ్చింది. దాని రక్తంలో ఉన్నది పచ్చజ్వరం కాదు, అంతవరకు ఎవరూ చూడని వైరస్. మరుసటి జనవరిలో అదే అడవిలో పట్టిన ఏడిస్ ఆఫ్రికానస్ దోమల్లో మళ్లీ అదే దొరికింది. అడవి పేరే పెట్టి 1952లో ప్రచురించారు. తర్వాత అరవై ఏళ్ల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో బిడ్డలు పుట్టడం మొదలయ్యాక ప్రపంచం ఆ పాత కాగితాలు తిరగేసింది. ఆ వైరస్‌కు అప్పటికే పేరు ఉంది, దాన్ని మోసేది దోమ అన్న ఆధారం ఉంది. ఎవరో ఒకరు చెట్లెక్కి దోమలు పట్టబట్టి.

వినేవాళ్లు లేకపోతే జంతువులు ఎంత ముందుగా చెప్పినా లాభం లేదని న్యూయార్క్ చూపించింది. 1999 ఆగస్టు చివర క్వీన్స్ ప్రాంతంలోని ఫ్లషింగ్ ఆసుపత్రిలో డాక్టర్ డెబొరా ఆస్నిస్‌కు ఇద్దరు వృద్ధుల జబ్బు వింతగా అనిపించింది. జ్వరం, మతి తప్పడం, కండరాలు చచ్చుబడటం. ఆమె వెంటనే నగర ఆరోగ్యశాఖకు ఫోన్ చేసింది. పరీక్షలు చేసి సెయింట్ లూయీ మెదడువాపు అని ప్రకటించారు, నగరంలో దోమల మందు చల్లడం మొదలైంది. అదే వేసవిలో నగరంలో కాకులు కుప్పలుగా చస్తున్నాయి. బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు, నీటికాకులు చనిపోయాయి. జూ పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా వాటి మెదళ్లు కోసి చూసి ఆలోచించింది. సెయింట్ లూయీ వైరస్ అయితే పక్షుల్లో తిరుగుతుంది గాని చంపదు, ఇవి చస్తున్నాయి. గుర్రాలకు వచ్చే తూర్పు మెదడువాపు వైరస్ అయితే జూలోని ఈములు ముందు చావాలి, అవి నిక్షేపంగా ఉన్నాయి. రెండూ కావు, కాబట్టి ఇది ఇంకేదో. మనుషుల జబ్బు చూసే సంస్థలు పక్షుల గొడవ తమది కాదనుకున్నాయి, పక్షుల నమూనాలు వేరే ప్రయోగశాలలకు వెళ్లాయి. సెప్టెంబరు చివరికి గాని విషయం బయటపడలేదు. అది వెస్ట్ నైల్ వైరస్. 1937లో ఉగాండాలో ఒక స్త్రీ రక్తంలో మొదట దొరికినది, అమెరికా ఖండంలో అంతకుముందు ఎన్నడూ లేనిది. సెయింట్ లూయీ వైరస్‌కు దగ్గరి చుట్టం కావడంతో ప్రతిరక్షకాల పరీక్ష మోసపోయింది. ఆ ఏడాది 62 మందికి జబ్బు చేసింది, 7 మంది చనిపోయారు.

చలికాలం వస్తే వైరస్ దానంతటదే పోతుందని కొందరు ఆశపడ్డారు. 2000 జనవరి, ఫిబ్రవరి నెలల్లో క్వీన్స్‌లోని ఫోర్ట్ టాటెన్ అనే పాత సైనిక స్థావరపు చీకటి గదుల్లో గోడలకు అంటుకుని చలికాలం గడుపుతున్న క్యూలెక్స్ దోమల్ని ఏరి తెచ్చి పరీక్షించారు. వాటిలో వైరస్ ఉంది, బతికే ఉంది. అంటే వసంతం రాగానే మళ్లీ మొదలవుతుందన్నమాట. దేశవ్యాప్తంగా దోమలు, చచ్చిన పక్షులు, గుర్రాలు, మనుషుల కబుర్లను ఒకేచోట చేర్చే ఆర్బోనెట్ అనే ఏర్పాటు ఆ ఏడాదే మొదలైంది. గుర్రాలకు 2001లోనే టీకా వచ్చింది. మనుషులకు ఇప్పటికీ లేదు.

కబురు అందినా చేతులు ఆలస్యంగా కదిలిన సందర్భం 2012 నాటి డాలస్. మన తెలుగువాళ్లు వేల కుటుంబాలుగా స్థిరపడ్డ ఆ ప్రాంతంలో వెస్ట్ నైల్ ఆ వేసవిలో విరుచుకుపడింది. అక్కడివాళ్లు వెక్టర్ ఇండెక్స్ అనే అంకెను లెక్కగడతారు. ట్రాప్‌కు రాత్రికి సగటున పడే దోమల సంఖ్యను వాటిలో వైరస్ ఉన్న వంతుతో గుణించడం. రాత్రికి 200 దోమలు పడి, వెయ్యికి ఒకదానికి వైరస్ ఉంటే 0.2. దోమలు 100 మాత్రమే పడినా వెయ్యికి ఆరింటిలో వైరస్ ఉంటే 0.6, అది మూడింతలు ఎక్కువ ప్రమాదం. దోమలు తక్కువగా కుడుతున్నాయని జనం నిశ్చింతగా ఉన్న వారాలే భయంకరమైనవి కావచ్చని దీని అర్థం. ఆ ఏటి లెక్కల్ని తర్వాత విశ్లేషిస్తే, సీజను తొలినాళ్లలో ఈ అంకె పెరిగిన ఒకటి రెండు వారాలకు రోగులు పెరిగారని తేలింది. విమానాలతో మందు చల్లింది మాత్రం ఆగస్టులో, అప్పటికే రోగులు పెరిగిపోయాక.

నిఘా ఒక దిక్కునే చూస్తుంటే వైరస్ ఇంకో దిక్కున వస్తుంది. 1995లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలోని బాడు దీవిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ముగ్గురికి సోకి ఇద్దరిని చంపింది. అప్పటినుంచి ఆ ఉత్తర కొసన వైరస్ జాడ పట్టడానికి కాపలా పందుల్ని ఉంచారు. పందులే వైరస్‌ను పెంచుతాయి కాబట్టి తర్వాత వాటి బదులు దోమల ట్రాప్‌లు పెట్టారు. 2022 ఫిబ్రవరి చివర వైరస్ ఎక్కడో వేల కిలోమీటర్ల దక్షిణాన, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా పందుల ఫారాల్లో ఒక్కసారిగా బయటపడింది. పందులు చచ్చిన పిల్లల్ని, ఎండి ముడుచుకుపోయిన పిల్లల్ని ఈనాయి. అనుమానం వచ్చి నమూనా పంపింది పశువైద్యులు. కుండపోత వానలకు నీటిపక్షులు లోపలికి తరలివచ్చిన ఏడాది అది. 40 మందికి పైగా మనుషులు జబ్బుపడ్డారు, 7 మంది చనిపోయారు.

పశువుల సంగతిని మనుషులకు ముందుమాటగా మాత్రమే చూడటం కూడా అన్యాయమే. తూర్పు ఆఫ్రికాలో గొర్రెల కాపరికి గొర్రె పోవడమంటే ఇల్లు గుల్ల కావడమే. 1930ల మొదట్లో కెన్యాలో నైవాషా సరస్సు దగ్గర గొర్రెలు మూకుమ్మడిగా ఈచుకుపోతుంటే కనుక్కున్న రిఫ్ట్ వ్యాలీ జ్వరం దోమల ద్వారానే వస్తుంది. ఆ వైరస్ పల్లపు గడ్డిభూముల మట్టిలో ఏడిస్ దోమల గుడ్లలోనే తల్లి నుంచి బిడ్డకు చేరి, ఏళ్ల తరబడి ఎండలో నిద్రపోతుందని 1980ల్లో కెన్యాలో పట్టిన దోమ పిల్లలను పెంచి చూసి తేల్చారు. ఎల్‌నినో వానలకు ఆ పల్లాలు నిండితే గుడ్లన్నీ పొదుగుతాయి. అందుకే ఇక్కడ నిఘా ఉపగ్రహాల నుంచి మొదలవుతుంది. సముద్రపు వేడి, వాన, పచ్చదనం చూసి 2006 చివర తూర్పు ఆఫ్రికాకు ఇచ్చిన హెచ్చరిక జబ్బు కంటే 2 నుంచి 6 వారాలు ముందుగా వచ్చింది.

మన దగ్గర 2003వ సంవత్సరం వేరే పాఠం నేర్పింది. జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పిల్లలు జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతూ వచ్చారు. 329 మంది పిల్లలు, 183 మరణాలు. మెదడువాపు అనగానే అందరి చూపూ పందుల మీదికీ వరిమళ్ల దోమల మీదికీ పోయింది. పుణె జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది వేరు. అది 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురలో కనుగొన్న వైరస్. దాన్ని మోసేది దోమ కాదు, దోమలో నాలుగో వంతు కూడా ఉండని శాండ్‌ఫ్లై, గోడ పగుళ్లలో దాగేది. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన శాండ్‌ఫ్లైల్లో ఆ వైరస్ జాడ దొరికింది కూడా. రోగి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెతికితే ఊహ అడ్డం వస్తుంది. గోడల్లో, కొట్టాల్లో, మళ్లలో ఏమేం తిరుగుతున్నాయో ముందే తెలిసి ఉంటే ఆ ఊహకు అంత అవకాశం ఉండేది కాదు.

దోమలో వైరస్ కనబడ్డ ప్రతిసారీ గంట కొట్టకూడదన్నదీ నిజమే. దోమల్లో ఉండే వైరస్‌లలో చాలావాటికి మనతో పనే లేదు, అవి దోమల్లోనే పుట్టి దోమల్లోనే ఉండిపోతాయి. విస్తృతంగా వలవేసే పరీక్షలకు అవీ చిక్కుతాయి. డెంగీ విషయంలో దోమల్లో వైరస్ వెతకడం మీద ఎక్కువ ఖర్చు పెట్టడం నాకు సమ్మతం కాదు. అక్కడ వైరస్‌ను దోమకు ఇచ్చేది మనిషే, ఏడిస్ దోమ ఇంట్లోని కూలర్లో, పూలకుండీ పళ్లెంలో, తొట్టిలో పుడుతుంది. ఇంటింటికీ తిరిగి పిల్లపురుగులున్న తొట్లు లెక్కపెట్టి పారబోయించడం అంతకంటే ముందు చేయాల్సిన పని. కొంగ, పంది, గుర్రం, గొర్రె నడుమ మనకు తెలియకుండా తిరిగే వైరస్‌లకే ఈ దోమల వేట అవసరం.

కర్నూలు, అనంతపురం లాంటి జిల్లాల్లో కొట్టపు దోమల్లో వైరస్ కనబడితే చేయగలిగింది చాలానే ఉంది. టీకా తప్పిపోయిన పిల్లల్ని వెతికి వేయడం. పందుల్ని ఇళ్లకు దూరం జరపడం, లేదా వాటి దొడ్లకు వలలు కట్టించడం. మడిని ఎప్పుడూ నిండుగా ఉంచకుండా తడిపి ఆరబెట్టే పద్ధతిలో నీళ్లు వదిలితే పిల్లపురుగులు ఎండిపోతాయి, నీళ్లూ మిగులుతాయి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల వార్డుకు ఒక ఫోన్, ఫిట్స్‌తో వచ్చిన పిల్లవాడి వెన్నునీటి నమూనా తీసి దాచమని. టీకా కొరత కూడా ఇప్పుడు పూర్వమంత లేదు. కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్‌తో భారత్ బయోటెక్ హైదరాబాదులో తయారుచేసిన జెన్‌వ్యాక్ 2013 నుంచి ఉంది.

అయితే టీకా బాగా పనిచేసే కొద్దీ ఒక చిత్రమైన చిక్కు వస్తుంది. జపాన్‌లో 1924లో ఒక్క వేసవిలో 6,000 మందికి పైగా ఈ జబ్బు బారినపడ్డారు. ఇటీవలి దశాబ్దాల్లో అక్కడ ఏడాదికి పదిమందికి మించి రావడం అరుదు. ఆసుపత్రుల్ని మాత్రమే చూస్తే వైరస్ పోయిందనే అనుకోవాలి. కానీ 1960ల నుంచి ఆ దేశం ప్రతి వేసవిలో కబేళాలకు వచ్చే ఆరు నెలల అటూఇటూ వయసున్న పందుల రక్తం తీసి పరీక్షిస్తోంది. అంత చిన్న పంది ఒంట్లో ప్రతిరక్షకాలు ఉన్నాయంటే ఈ ఏటి దోమ కుట్టినట్టే. ముఖ్యంగా పశ్చిమ జపాన్ ప్రాంతాల్లో ఏటా వేసవి ముగిసేలోగా అలాంటి పందులు పెద్ద సంఖ్యలో బయటపడుతూనే ఉన్నాయి. వైరస్ ఎక్కడికీ పోలేదు, టీకా వేసుకున్న పిల్లల పక్కనుంచే నడిచిపోతోంది. మన జిల్లాల్లోనూ టీకాతో రోగుల లెక్క తగ్గే కొద్దీ ఆసుపత్రి రిజిస్టరు చెప్పగలిగేది ఏటికేడాది తగ్గుతుంది. అప్పుడు వైరస్ జాడ తెలిసేది కొట్టంలో పట్టిన దోమల వల్ల, దొడ్లో తీసిన పందిరక్తం వల్ల మాత్రమే.